అమరగాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు

పేద విద్యార్థికి అన్నము పెట్టుట మన దేశమున తరతరములుగ వచ్చుచున్న ధర్మము. పాఠశాల యున్న ఊర నలుగురు గృహస్థులు వారమున కొకనాడు చొప్పున ఒక్కొక్క బాలునికి విస్తరి వేయుట పెద్దలనాటి ఆచారము. అట్లు పెట్టిన అన్నము ఊరక పోదు. విజయనగరమున వారములు చేసికొని, అవియు లేనినాడు జోలె పట్టి సంగీతము నేర్చిన ఒక బాలుడు ఆంధ్రదేశమున ఇంటింట వినబడు కంఠ మగుటయే అందులకు నిదర్శనము. ఆ బాలుడే ఘంటసాల వేంకటేశ్వరరావుగారు.

వీరు కృష్ణాజిల్లా గుడివాడ ప్రాంతమునందలి చౌటపల్లి గ్రామమున 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన జన్మించిరి. తండ్రి సూరయ్యగారు నారాయణతీర్థుల తరంగములు పాడుటయందును, మృదంగము వాయించుటయందును నేర్పరి. తండ్రి పాడుచుండ కుమారుడు ఆయన భుజముపై నెక్కియో, ముందు నిలిచియో అభినయించుచుండెడివాడు. చూచినవారు బాలభరతుడని ముచ్చటపడెడివారు. ఆ ముచ్చట ఎంతోకాలము నిలువలేదు. బాల్యముననే తండ్రి గతించెను. కుమారుడు సంగీతవిద్వాంసుడు కావలెనన్నది ఆయన తుదికోరిక. కుటుంబము మేనమామగారి పోషణలోనికి వచ్చినది. బాలుని మనస్సున తండ్రి కోరికయే నాటుకొనియుండెను. ఒకనాడు ఇంట చెప్పక, చేతి ఉంగరము నమ్మి, ఆ పైకముతో విజయనగరము చేరెను.

అంతదూరము విజయనగరమునకే ఏల పోవలెను? 1919లో పూసపాటి ప్రభువుల పోషణమున అచ్చట వెలసిన సంగీత కళాశాల అప్పటికే ఆంధ్రులకు గానవిద్యాపీఠము. హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. వారు విరమించిన పిమ్మట 1936లో ఆ పీఠము నధిష్ఠించినవారు ఫిడేలు వాద్యమున అసమానులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారు. బాలుడు చేరునప్పటికి కళాశాలకు వేసవి సెలవులు. ఊర ఎరిగినవారు లేరు. నాయుడుగారు కనికరించి కళాశాల ఆవరణముననే తలదాచుకొనుటకు అనుమతించిరి. భోజనము వారములవలన జరుగుచుండెను.

కష్టము అంతటితో తీరలేదు. తోటివారి చేష్టవలన అతనిపై ఒక నింద పడినది. వారములు పెట్టు ఇండ్ల తలుపులు మూసికొనినవి. కళాశాలలోని ఆశ్రయమును పోయినది. తిరిగి స్వగ్రామమునకు పోవుట సులభమే. కాని పోయిన, తండ్రికిచ్చిన మాట యేమగును? బాలుడు భుజమున జోలె తగిలించుకొని మధుకరమునకు బయలుదేరెను. తుమ్మెద పువ్వుపువ్వునకు పోయి కొంచెము కొంచెముగ తేనె గ్రహించినట్లు, ఇంటింట గుప్పెడన్నము యాచించి కడుపు నింపుకొనుట మధుకరము. బ్రహ్మచారికి అది శాస్త్రసమ్మతమే. అయినను పదునైదేండ్ల ప్రాయమువాడు తన్ను అనుమానించిన ఊరనే గడపగడపకు పోయి నిలుచుటకు ఎంత గుండెనిబ్బరము కావలెనో పాఠకులే ఊహింపగలరు.

అట్టి సమయమున అతనిని చేరదీసినవారు కళాశాలలో గాత్రోపాధ్యాయులైన పట్రాయని సీతారామశాస్త్రిగారు. వీరిది సాలూరు. ఆ ప్రాంతమువారు వీరిని చిన్నగురువుగారని గౌరవముతో పిలిచెడివారు. శాస్త్రిగారు ధనికులు కారు. తమ ఇంట ఉన్నదానిలోనే బాలునికి పాలుపంచి, ప్రతిఫల మపేక్షింపక సంగీతము చెప్పిరి. పలుకునందలి భావము వినువానికి అందని పాట పాటగాదన్నది వారి సంప్రదాయము. ఈ యొక్క పాఠమే శిష్యుని జీవితమునంతటిని నడిపించినది. పిమ్మట కళాశాలలో చేరి, గాత్రమున పట్టము పొంది, వేంకటేశ్వరరావుగారు విజయనగరమును వీడిరి.

1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని పదునెనిమిది మాసములు బళ్ళారి సమీపమునందలి అలీపురము కారాగారమున నుండిరి. 1944లో సావిత్రిగారిని వివాహమాడిరి. సినీరచయితలైన సముద్రాల రాఘవాచార్యులుగారి ప్రోత్సాహమున మద్రాసు చేరి, బృందగానములందు గొంతు కలుపుచు, చిన్న వేషములు వేయుచు, రేడియోలో పాడుచు కాలము గడపిరి. ఆ దినములలో గ్రామఫోను కంపెనీవారు మొదట ఈ గొంతును రికార్డునకు తగదని త్రోసివేసిరట! తరువాత ఆ కంపెనీలో పనిచేయుచున్న పేకేటి శివరాంగారు పట్టుబట్టి వీరిచే పాడించిరి. పిదప జరిగినది లోకమెరిగినదే.

ఇచ్చట గ్రామఫోను రికార్డును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఆనాటి రికార్డు లక్కతో చేసినది. నిమిషమునకు 78 చుట్లు తిరుగును. ఒక్కొక్క ముఖమున మూడు మూడున్నర నిమిషములకంటె పాట పట్టదు. నాటకరంగమున నటుడు ఒక్క పద్యము చివర పావుగంట రాగము తీయుట ఆ కాలపు వాడుక. రాగము పెరిగినకొలది పద్యము మరుగుపడెడిది. వేంకటేశ్వరరావుగారు ఆ మూడు నిమిషముల కట్టడిని లోపముగ నెంచక గుణముగ మార్చుకొనిరి. ఆలాపనమును క్లుప్తము చేసి, అన్వయమునుబట్టి పదములు విరిచి, ప్రత్యక్షరమును స్పష్టముగ పలికి, రసమునకు తగిన రాగమును మాత్రమే యెన్నుకొనిరి. చదువురానివాడు సైతము ఒక్కమారు విన్నంతనే పద్యమునకు అర్థము తెలిసికొనెను. సీతారామశాస్త్రిగారి పాఠము లక్కరికార్డుపై చెక్కబడెనన్నమాట.

దీనికి ఉత్తమోదాహరణము జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపము. పూజకై పువ్వులు కోయబోయిన వానితో పువ్వులు తమ దుఃఖమును మొరపెట్టుకొనుట అందలి యితివృత్తము. పుస్తకముగ నున్నంతవరకు అది చదువరులకే చెందిన కావ్యము. ఘంటసాలవారు పాడిన పిమ్మట పొలములో పనిచేయువారికిని, వేటకు పోయి తెప్ప దిగినవారికిని, ఇంట పిండి విసరు ఇల్లాండ్రకును అది కంఠస్థమైనది. అటులనే కరుణశ్రీగారి కుంతీకుమారి, దాశరథిగారి గేయములు, జానపదగీతములు, భక్తిగీతములు వారి కంఠమున ప్రజలకు చేరినవి. అక్షరము రానివానికి గ్రంథమును చేర్చుట గ్రంథాలయోద్యమముయొక్క ఆశయమేకదా! ఆ పనిని ఈ గాయకుడు రికార్డుద్వారా చేసెను.

చలనచిత్రములలో వారి కీర్తిని వేరుగ వర్ణింపనక్కరలేదు. మనదేశము (1949), పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957), లవకుశ (1963) చిత్రములకు వారి సంగీతమే ప్రాణము. 1955నాటి కన్యాశుల్కము చిత్రమునకును వారే సంగీతము కూర్చిరి. ఏ విజయనగరమున గురజాడ అప్పారావుగారు ఆ నాటకమును రచించిరో, ఆ విజయనగరముననే జోలె పట్టిన బాలుడు దానికి స్వరములు సమకూర్చుట కాలవైచిత్ర్యము. శాస్త్రీయ సంగీతమభ్యసించినవాడు తన విద్యను సినిమాకు ధారపోసెనని ఆక్షేపించువారును గలరు. ఆ ఆక్షేపణలో కొంత నిజము లేకపోలేదు; కచేరీ గాయకుడుగ వారు మరింత సాధింపగలిగియుందురు. కాని సభామందిరపు గడప నెన్నడును తొక్కని లక్షలమంది చెవులలో మోహన కల్యాణి రాగములు పడినది వారివలననే. ఆ లాభమును త్రాసున వేసి చూచిన ఆక్షేపణము తేలిపోవును.

పెరిగిన పిదప ఏరుదాటిన వానివలె గురువును మరచుట లోకసహజము. ఘంటసాలవారు అట్టివారు కారు. సీతారామశాస్త్రిగారు 1957లో స్వర్గస్థులైరి. వారి కుమారులు పట్రాయని సంగీతరావుగారు మద్రాసున ఘంటసాలవారికి సంగీతసహాయకులై చివరివరకు వెంటనుండిరి. ఒకప్పుడు తండ్రి తన ఇంట శిష్యునికి చోటిచ్చెను. పిమ్మట ఆ శిష్యుడు గురుపుత్రుని తన నాదకుటుంబమున కలుపుకొనెను. సంగీతరావుగారు శతవసంతములు చూచి 2021లో పరమపదించిరి.

1970లో భారతప్రభుత్వము వీరికి పద్మశ్రీ బిరుదము నొసగెను. 1971లో ఐరోపా, అమెరికా ఖండములందు పర్యటించి అచ్చటి తెలుగువారిని అలరించిరి. అప్పటికే శరీరము వ్యాధిగ్రస్తమైయుండెను. ఆ స్థితిలోనే భగవద్గీతనుండి శ్లోకముల నేరి, తెలుగు తాత్పర్యముతో గానము చేసిరి. అది రికార్డుగ వెలువడునాటికి వారు లేరు. 1974 ఫిబ్రవరి 11వ తేదీన, ఏబదియొక్క ఏండ్ల వయస్సున, తనువు చాలించిరి. అదే సంవత్సరము వెలువడిన అల్లూరి సీతారామరాజు చిత్రమున శ్రీశ్రీ గీతము వారి గొంతుతో మ్రోగుచుండగా, విన్నవారు కన్నీరు పెట్టుకొనిరి. 2003లో వారి పేర తపాలాబిళ్ళ వెలువడినది.

వారి మరణానంతరము, విడివిడిగ నున్న లక్కరికార్డులలోని సినిమాకు చెందని పాటలను, పద్యములను ఒక్కచోట చేర్చి మొదట క్యాసెట్లుగను, పిదప సీడీలుగను ప్రకటించిరి. విడివిడిగ విన్నపుడు ఒక్కొక్కటి ఒక్కొక్క మధురగీతము. ఒక్కటిగ కూర్చి విన్నపుడే వాని వెనుకనున్న సంకల్పము గోచరించును. కవి యెవరైనను, పాట పండితునిదైనను పామరునిదైనను, ఆ మాట వినువానికి చేరవలెనన్న తపనయే అన్నింటను కానవచ్చును. గీత చెప్పిన గొంతును, పల్లెపదము పాడిన గొంతును వేరుకావు.

ఆదిభట్లవారి గానమును చెవులార విన్న తరము గతించినది. వారి గ్రంథములు మాత్రము మనకు మిగిలినవి. ఘంటసాలవారి విషయమున కంఠమే మిగిలినది. అది గొప్ప అదృష్టము. కాని లక్క పగులును, క్యాసెట్టు పట్టీ చెడును, వినువారు లేని పాట ఉన్నను లేనట్లే. వంశధార సాగరమున గలియు ఈ కళింగపట్నమున పుస్తకమును చెదపట్టకుండ కాపాడుట గ్రంథాలయమునకు ఎంత విధియో, ఇట్టి గానమును బాలురకు వినిపించి నిలుపుటయు అంతే విధి. కరుణశ్రీ కావ్యము చేతబట్టుకొని, ప్రక్కన ఘంటసాలవారి పాట వినుచు చదివిన బాలునికి తెలుగుపద్యము జన్మమున మరపురాదు. ఒకప్పుడు ఒక పేద బాలుని జోలెలో మన ఉత్తరాంధ్ర గృహిణులు వేసిన గుప్పెడన్నము ఇంత పంటయై తిరిగివచ్చినది. దానిని ముందు తరమునకు అందించుట మన చేతిలోనున్న పని.