ఉదయ్ శంకర్: పాశ్చాత్య వేదిక కోరిన భారతీయత

చిత్రకళ అభ్యసించడానికి 1920లో లండన్ వెళ్లిన ఉదయ్ శంకర్, దశాబ్దం పైచిలుకు కాలంలో ఐరోపా దృష్టిలో భారతీయ నాట్యానికి ప్రతిరూపమయ్యారు. అప్పటికి ఆయన ఏ గురువు వద్దా శాస్త్రీయ నాట్యం క్రమబద్ధంగా నేర్చుకోలేదు. స్వదేశంలో పండితులు ఆయనను ఆక్షేపించినదీ ఇందుకే.

1900 డిసెంబర్ 8న ఉదయ్‌పూర్‌లో ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించారు. లండన్‌లో చదువుతుండగా, ప్రాచ్య ఇతివృత్తాలతో ప్రదర్శన తలపెట్టిన రష్యన్ బ్యాలే తార అన్నా పావ్లోవా దృష్టిలో పడ్డారు. 1923లో ఆమె కోసం రెండు నృత్యాలు కూర్చి, ఒకదానిలో ఆమె రాధ కాగా తాను కృష్ణుడిగా నర్తించారు. ఆమె బృందాన్ని వీడాక పారిస్ క్యాబరేలే జీవనాధారమయ్యాయి. అక్కడ ప్రేక్షకులు కోరింది నగలు, వంపులు, కాసింత మార్మికత.

స్విట్జర్లాండ్ శిల్పి ఆలిస్ బోనర్ తోడ్పాటుతో స్వదేశం వచ్చి, ఆలయ శిల్పాలను, కథాకళిని పరిశీలించారు. సోదరులను, సంగీతజ్ఞులను, పెట్టెల కొద్దీ వాద్యాలను వెంటబెట్టుకుని తిరిగి వెళ్లి, 1931 మార్చిలో పారిస్‌లో సొంత బృందంతో రంగప్రవేశం చేశారు. పాశ్చాత్య వాద్యం ఒక్కటీ లేకుండా తిమిర్ బరన్ సంగీతం సమకూర్చారు. అయితే గంటల తరబడి సాగవలసిన రాగం అక్కడ నిమిషాల్లో ముగిసేది. వాద్యాల విషయంలో పట్టుబట్టిన ఉదయ్ శంకర్ నిడివి విషయంలో రాజీపడ్డారు. ఆ రాజీయే లేకుంటే పడమటి శ్రోత చివరిదాకా కూర్చునేవాడా అన్నది సందేహమే.

అమెరికాలో ప్రదర్శనల నిర్వాహకుడు సోల్ హ్యూరోక్ వీరిని హిందూ బ్యాలేగా ప్రచారం చేశారు. నాటి అమెరికన్ వాడుకలో హిందూ అంటే భారతీయులెవరైనా కావచ్చు. బ్యాలే అన్న మాట మాత్రం ఈ నాట్యానికి ఏ విధంగానూ పొసగదు. పైగా ఆ బృందంలో ప్రధాన నర్తకి సిమ్కీ ఫ్రెంచి వనిత. ఆ రెండు మాటలే టిక్కెట్లు అమ్మాయి.

1935లో ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్ బృందంలో చేరారు. ఉదయ్ తమ్ముడు రవిశంకర్ బాల్యం నుంచీ ఆ బృందంలో నర్తకుడు. ఉస్తాద్ సాహచర్యం ఆయనను సితార్ వైపు మళ్లించగా, 1938లో నాట్యం వదిలి మైహర్ వెళ్లారు.

అదే కాలంలో ఉదయ్ శంకర్ అల్మోరాలో సాంస్కృతిక కేంద్రం స్థాపించి, కథాకళి, భరతనాట్యం, మణిపురి గురువులను ఒక్కచోట చేర్చారు. ప్రధానంగా విదేశీ దాతల నిధులతో నడిచిన ఆ కేంద్రం యుద్ధకాలంలో మూతపడింది. ఇటువంటి కేంద్రాన్ని కలగనే నర్తకుడి కథనే మద్రాసు జెమినీ స్టూడియోలో కల్పన చిత్రంగా తీశారు. 1948లో విడుదలైన ఆ చిత్రానికి డబ్బు రాలేదు. 1977 సెప్టెంబర్ 26న కలకత్తాలో ఆయన కన్నుమూశారు. పునరుద్ధరించిన కల్పన ప్రతిని 2012లో కేన్స్ ఉత్సవంలో ప్రదర్శించినప్పుడు, అందులో నటించిన ఆయన సతీమణి అమలా శంకర్ ప్రేక్షకుల మధ్య ఉన్నారు.