ఆకాశపు రంగులకు లెక్క కట్టిన రేలీ

ఇంగ్లండులోని ఎసెక్సు మండలమున 1842 నవంబరు 12వ తేదీన జాన్ విలియం స్ట్రట్ జన్మించెను. అనారోగ్యముచే బాల్యమున అతని చదువు ఏ పాఠశాలయందును నిలకడగా సాగలేదు. అట్టివాడే 1865లో కేంబ్రిడ్జి గణితపరీక్షలో ప్రథముడుగా నిలిచెను. 1873లో తండ్రి మరణించగా సంక్రమించిన బిరుదమును బట్టి లోకము అతనిని రేలీ ప్రభువుగా ఎరుగును. జమీను చేతికి వచ్చియు ప్రయోగశాలను విడువని ప్రభువులు ఏ దేశమందైనను అరుదు.

గాలిలోని సూక్ష్మరేణువులు వెలుగును చెదరగొట్టుటచే ఆకాశము నీలముగా కన్పట్టునని 1869లో టిండాల్ ప్రయోగములు సూచించెను. ఆ చెదరుటకు, అనగా పరిక్షేపణమునకు, లెక్క కట్టినవాడు రేలీ. తరంగదైర్ఘ్యము సగమైనచో చెదరు వెలుగు 16 రెట్లగునని అతడు 1871లో నిరూపించెను. కనుకనే నీలికాంతి ఎఱ్ఱకాంతికంటె మిక్కిలిగా చెదరి, నలుదిక్కులనుండి మన కంటిని చేరును. ఊదాకాంతి ఇంకను ఎక్కువ చెదరును గాని, సూర్యకాంతిలో దాని పాలు తక్కువ; మన కన్ను దానిని గ్రహించుటయు తక్కువ. ఉదయాస్తమయములందు కిరణములు వాయుమండలములో చాల దూరము ప్రయాణింపవలెను. దారిలో నీలము చెదరిపోగా ఎఱుపును నారింజయు మిగులును. మధ్యాహ్నపు నీలిమకును సంధ్యారుణిమకును కారణమొక్కటే. రేలీ లెక్కతోనే తృప్తి చెందక, తెల్లకాగితము గుండ వచ్చిన ఎండను ఆకాశపు వెలుగుతో రంగు రంగునకు పోల్చి చూచెను.

కాని ఆ రేణువులేవి? అవి గాలిలో తేలు అన్యపదార్థపు కణములనియే అతడు మొదట తలచెను. గాలి అణువులే ఆ పని చేయుచున్నచో వాని పరిమాణమును కనుగొనవచ్చునా యని 1873లో మాక్స్‌వెల్ ఒక లేఖలో ప్రశ్నించెను. ప్రశ్నించినవాడు 1879లో గతించెను. కేంబ్రిడ్జిలో అతని ఆచార్యపీఠము రేలీకే లభించెను. లేఖ వచ్చిన 26 ఏండ్లకు, 1899లో, రేలీ ఆ ప్రశ్నకు మరలెను. ధూళి లేశమైనను లేకున్నను గాలి అణువులే ఆకాశమును నీలముగా చూపగలవని తేల్చెను. తన పూర్వాభిప్రాయమును సవరించుకొనుటకు గాని, ఆ సవరణకు మూలము మాక్స్‌వెల్ లేఖయని చెప్పుటకు గాని అతడు సంకోచింపలేదు.

1904లో నోబెల్ బహుమానము లభించినది ఈ పరిశోధనకు గాదు. వాయువుల సాంద్రతలను కొలిచి, ఆర్గాన్‌ను కనుగొన్నందులకు. ఆ ధనమును కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకే ఇచ్చివేసెను. 1919 జూన్ 30న టెర్లింగులోని స్వగృహమున కన్నుమూసెను.

సముద్రపు నీలము ఆకాశపు ప్రతిబింబమే యని రేలీ చివరివరకు నమ్మెను. విశాఖపట్టణమున బాల్యము గడపిన చంద్రశేఖర వేంకట రామన్ 1921లో మధ్యధరా సముద్రముపై ఓడలో పయనించుచు దానిని పరీక్షించెను. నీటి అణువులును వెలుగును చెదరగొట్టునని తేలెను. ప్రతిబింబపు వెలుగును తొలగించి చూచుటకు ఆయన చేతనున్న సాధనము చిన్న నికల్ పట్టకము.