పంతులు గారు, పది మంది టీం: సయ్యద్ అబ్దుల్ రహీం

పసుపు తవ్వకాల రోజుల్లో మా హాస్టల్ టీంలో ఒకరు తక్కువే. ఇంటి పనికి పోతారు. ఆట సమమై పెనాల్టీలకొస్తే గొడవే. పది మందిమి కొట్టేశాక మా మొనగాడు మళ్లీ వస్తాడు, అటువైపు వాళ్ల పదకొండోవాడు, ఆటరానివాడు మిగులుతాడు. అది అన్యాయమని 2000లో ఒక నిబంధన తెచ్చారు: అప్పట్లో ఎక్కువున్న టీం ఒకరిని తగ్గించుకోవాల్సిందే. మేము అదే పాటిస్తున్నాం, వాళ్లకు ఇష్టమున్నా లేకున్నా.

రహీం సాబ్ కాలంలో ఈ పెనాల్టీల పోటీయే లేదు. సమమైతే మళ్లీ ఆడాలి, లేదా నాణెం ఎగరేయాలి. దెబ్బ తగిలినవాడికి బదులు మనిషీ లేడు.

1909లో హైదరాబాద్‌లో పుట్టిన ఆయన బడి పంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీంకు శిక్షణనిచ్చి 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 రోవర్స్ కప్పులు గెలిపించారు. ఎడమ కాలు రానివాడికి ఆ కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారట! 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి తెచ్చారు.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని వెనక్కి పంపలేదు, ముందుకు తెచ్చి ఫార్వర్డ్‌గా ఆడించారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో అదే కొరియాపై 2-1 గెలుపు, ఒక గోల్ జర్నైల్‌ది. అప్పటికే సాబ్‌కు క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం ఆ తర్వాత మనకు రాలేదు.