గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్

గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ (మే 6, 1843 – మే 1, 1918) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ భూవిజ్ఞాన శాస్త్రవేత్త. భూస్వరూప శాస్త్రానికి పునాదులు వేసినవారిలో ముఖ్యుడు. హెన్రీ పర్వతాల గురించి, బొన్నెవిల్ అనే ప్రాచీన సరస్సు గురించి రచించిన గ్రంథాల వలన ఈయన పేరు చిరస్థాయిగా నిలిచింది. అంతగా ప్రచారం పొందని మరొక కృషి కూడా ఈయనకు ఉంది. కోట్ల సంవత్సరాల క్రితం సముద్రపు అడుగున ఏర్పడిన ఇసుకరాతి పొరలలో ఆనాటి పెద్ద అలల జాడను గుర్తించి, 1899లో ఒక చిన్న వ్యాసం ప్రకటించాడు. అందులోని లెక్క నిలబడలేదు గాని, మూలమైన ఊహ మాత్రం దాదాపు ముప్పావు శతాబ్దం తరువాత మళ్ళీ వెలుగులోకి వచ్చింది.

బాల్యము, విద్యాభ్యాసము

గిల్బర్ట్ న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో జన్మించాడు. తండ్రి గ్రోవ్ షెల్డన్ గిల్బర్ట్ రూపచిత్రాలు గీసే చిత్రకారుడు. సంపన్న కుటుంబం కాదు. రోచెస్టర్ విశ్వవిద్యాలయం నుండి 1862లో పట్టభద్రుడయ్యాడు. కొంతకాలం మిషిగన్ రాష్ట్రంలోని జాక్సన్‌లో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు గాని ఆ వృత్తి ఆయనకు సరిపడలేదు. తిరిగి రోచెస్టర్ చేరి, ఖనిజాలను, శిలాజాలను సేకరించి కళాశాలలకు, ప్రదర్శనశాలలకు సరఫరా చేసే హెన్రీ వార్డ్ సంస్థలో సుమారు ఐదేళ్ళు పనిచేశాడు. ఆ కాలంలోనే కోహోస్ వద్ద బయల్పడిన మాస్టోడాన్ అస్థిపంజరాన్ని వెలికితీసే పనిలో పాల్గొన్నాడు. ఆ ఎముకలు దొరికినది నదీప్రవాహం రాతిలో తొలిచిన గుండంలో. ఏనుగును పోలిన ఆ జంతువుకంటే ఆ గుండం ఏర్పడిన తీరే గిల్బర్ట్‌ను ఎక్కువగా ఆకర్షించింది. నీరు రాతిపై చేసే పనిని గురించిన ఈ ఆసక్తి ఆయనను జీవితాంతం విడువలేదు.

పశ్చిమ ప్రాంతపు సర్వేలు

ఒహాయో రాష్ట్ర సర్వేలో కొంత అనుభవం పొందిన తరువాత 1871లో లెఫ్టినెంట్ జార్జి వీలర్ నాయకత్వంలోని సర్వేలో చేరి, కొలరాడో నదిలో పడవలపై ప్రవాహానికి ఎదురు ప్రయాణించాడు. 1874లో ఫానీ పోర్టర్‌ను వివాహమాడాడు. అదే కాలంలో జాన్ వెస్లీ పావెల్ సర్వేకు మారాడు. యూటా రాష్ట్రంలోని హెన్రీ పర్వతాలను 1875, 1876 సంవత్సరాలలో పరిశీలించి, భూగర్భంలోని శిలాద్రవం పైకి పెల్లుబకకుండా పొరల మధ్యకు చొచ్చుకొని, పై పొరలను గుమ్మటంలా ఎత్తివేయడం వలన అవి ఏర్పడినవని నిరూపించాడు. ఈ విధమైన శిలారూపాన్ని నేడు లాకోలిత్ అంటారు. 1877లో వెలువడిన ఈ నివేదికలో నదుల కోత గురించి వ్రాసిన అధ్యాయం నేటికీ పాఠ్యగ్రంథాలలో ప్రస్తావించబడుతూ ఉంటుంది.

1879లో అమెరికా భూవిజ్ఞాన సర్వే ఏర్పడగా అందులో చేరాడు. ఆ సంస్థ తొలి మోనోగ్రాఫ్‌గా 1890లో వెలువడినది ఈయన రచించిన బొన్నెవిల్ సరస్సు గ్రంథమే. నేటి గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పునీటి సరస్సు ఒకప్పుడు 300 మీటర్లకు పైగా లోతు గల మహాసరస్సుకు మిగిలిన శేషం. దాని పాత తీరరేఖలు కొండల వాలులపై మెట్లవలె కనిపిస్తాయి. నీరు ఎన్నడో ఇంకిపోయినా, అలలు చెక్కిన గట్లను, పోసిన ఇసుక తిన్నెలను బట్టి ఆనాటి అలల పనితీరును చదవవచ్చునని గిల్బర్ట్ చూపాడు. తరువాత ఇసుకరాళ్ళ విషయంలో అనుసరించిన పద్ధతి కూడా ఇదే.

మెడైనా ఇసుకరాయి

1890ల దశకంలో గిల్బర్ట్ నయాగరా జలపాతాన్ని, మహాసరస్సుల చరిత్రను పరిశోధిస్తూ తన స్వంత ప్రాంతానికి తిరిగి వచ్చాడు. పశ్చిమ న్యూయార్క్‌లో మెడైనా అనే ఎర్రని ఇసుకరాయి విస్తారంగా ఉంది. ఆ ప్రాంతపు పట్టణాలలో చర్చీలను, ఇళ్ళను దానితో కట్టుకున్నారు. ఇది సైలూరియన్ యుగపు ఆరంభంలో, అంటే సుమారు 44 కోట్ల సంవత్సరాల క్రితం ఏర్పడినది. చిన్ననాటి నుండి ఎరిగిన ఈ రాతిలో గిల్బర్ట్‌కు ఒక వింత కనిపించింది. ఇసుక పొరలు సమతలంగా లేక పెద్ద పెద్ద మిట్టపల్లాలుగా ఉన్నాయి. ఒక మిట్టకు మరొక మిట్టకు మధ్య దూరం 10 నుండి 30 అడుగులు, ఎత్తు అరడుగు నుండి 3 అడుగులు.

సముద్రతీరంలో నీరు తగ్గినపుడు ఇసుకపై కనిపించే అలచారలు అందరూ ఎరిగినవే. వాటి మధ్య దూరం సాధారణంగా బెత్తెడుకు మించదు. మెడైనా మిట్టలు కూడా అలచారలే అయితే వాటిని చేసిన అలలు ఎంత పెద్దవి? అల క్రింద నీరు వలయాకారంగా కదులుతుంది. లోతుకు పోయిన కొద్దీ ఈ కదలిక క్షీణిస్తుంది. అల పొడవులో సగం లోతుకు చేరేసరికి దాదాపు అణగిపోతుంది. నీటి అడుగు అంతకంటే పైననే ఉంటే, అక్కడ నీరు ముందుకూ వెనుకకూ ఊగుతూ ఇసుకను చారలుగా పేరుస్తుంది. ఊగే దూరం పెరిగితే చారల మధ్య దూరం పెరుగుతుంది. ఈ సంబంధాన్ని ఆధారం చేసుకొని గిల్బర్ట్ వెనుకకు లెక్కవేసి, ఆ సముద్రంలో సుమారు 60 అడుగుల ఎత్తు గల అలలు లేచి ఉండవచ్చునని అంచనా వేశాడు. అంత పెద్ద అల లేవాలంటే గాలి అడ్డులేకుండా వీచేందుకు విశాలమైన సముద్రం కూడా కావాలి. రాతిలోని ఒక ముడత నుండి సముద్రపు వైశాల్యం వరకు సాగిన ఈ తర్కం అమెరికా భూవిజ్ఞాన సంఘం బులెటిన్‌లో కేవలం ఆరు పుటలలో అచ్చయింది.

ఈ వాదం అందరికీ నచ్చలేదు. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన హెర్మన్ ఫెయిర్‌చైల్డ్ 1901లో దీనిని ఖండిస్తూ, ఆ మిట్టలు లోతునీటిలో ఏర్పడినవి కావని, ఒడ్డున అలలు పేర్చిన ఇసుకమేటలేనని వ్రాశాడు. ఇది మాటల తగాదా మాత్రమే కాదు. ఒక ఇసుకరాతి పొర ఒడ్డున ఏర్పడినదా, ఒడ్డుకు దూరంగా నీటి అడుగున ఏర్పడినదా అన్న దానిని బట్టి పాతకాలపు సముద్రతీరం పటంలో ఎక్కడ గీయాలన్నది మారిపోతుంది. అటు తరువాత గిల్బర్ట్ వ్యాసం చాలాకాలం మరుగున పడింది.

1975లో జాన్ హార్మ్స్, ఆయన సహచరులు ఇటువంటి పొరలకు హమ్మాకీ క్రాస్ స్ట్రాటిఫికేషన్ అని పేరు పెట్టారు. హమ్మాక్ అనగా చిన్న మిట్ట. ప్రశాంత కాలంలో అలల ప్రభావం చేరని లోతులలో సముద్రపు అడుగున సన్నని బురద నెమ్మదిగా పేరుకుంటుంది. పురుగులు దానిలో బొరియలు చేసుకుంటాయి. పెద్ద తుఫాను వచ్చినపుడు అలల కదలిక ఆ లోతుకు చేరి బురదను కోసివేస్తుంది, తీరం వైపు నుండి కొట్టుకువచ్చిన ఇసుకను గుండ్రని మిట్టపల్లాలుగా పరుస్తుంది. తుఫాను తగ్గిన తరువాత మళ్ళీ బురద. ఈ విధంగా బురదరాయి నడుమ ఇసుకరాతి పలకలు ఏర్పడతాయి. వేల సంవత్సరాల బురద ఒక అంగుళమైతే, దానిపైనున్న అడుగు మందపు ఇసుక ఒకటి రెండు రోజుల పని కావచ్చును. బంగాళాఖాతపు తుఫానులు చూసిన తీరవాసులకు ఈ సంగతి నమ్మశక్యం కానిదేమీ కాదు.

గిల్బర్ట్ వర్ణించిన మెడైనా మిట్టలను ఈ నిర్మాణానికి సంబంధించిన తొలి వర్ణనలలో ఒకటిగా తరువాతివారు గుర్తించారు. అయితే ఈ మిట్టలు సామాన్యమైన అలచారలకు పెద్ద రూపాలు కావు. వరుసలుగా కాక అన్ని దిక్కులకూ వాలి ఉంటాయి. అందువలన వాటి దూరాన్ని బట్టి అల ఎత్తును నేరుగా లెక్కించడం సాధ్యం కాదు. పైగా ఆనాటి సముద్రం గిల్బర్ట్ ఊహించినట్లు మహాసాగరం కాదు, ఖండం మీదికి వ్యాపించిన లోతు తక్కువ సముద్రం. అంత నిస్సారమైన నీటిలో 60 అడుగుల అల నిలవదు, ముందే విరిగిపోతుంది. ఆ భూభాగం అప్పట్లో భూమధ్యరేఖకు దక్షిణాన తక్కువ అక్షాంశాలలో ఉండేదన్నది కూడా గిల్బర్ట్ కాలానికి ఎవరూ ఎరుగని విషయం.

ఉల్కాబిలం విషయంలో పొరపాటు

గిల్బర్ట్ ఒక దృగ్విషయానికి అనేక కారణాలను ఊహించి, ఒక్కొక్కదానిని పరీక్షించి తోసిపుచ్చే పద్ధతిని పాటించేవాడు. ఇది కూడా ఆయనను ఎల్లప్పుడూ కాపాడలేదు. అరిజోనాలోని పెద్ద బిలాన్ని 1891లో పరిశీలించి, అయస్కాంత కొలతలలో భూగర్భాన ఇనుపముద్ద జాడ కానరాకపోవడంతో అది ఆవిరి విస్ఫోటనం వలన ఏర్పడినదని నిర్ణయించాడు. నిజానికి అది ఉల్కాపాతం వలన ఏర్పడినదే. విచిత్రమేమంటే 1893లో చంద్రుని బిలాల గురించి వ్రాస్తూ, అవి బయటి నుండి వచ్చిపడిన వస్తువుల తాకిడి వలన ఏర్పడినవని సరిగ్గానే చెప్పాడు.

చివరి సంవత్సరాలు

1906లో శాన్ ఫ్రాన్సిస్కో భూకంపాన్ని అధ్యయనం చేశాడు. కాలిఫోర్నియా బంగారు గనుల నుండి నదులలోకి కొట్టుకువచ్చిన రాళ్ళు, ఇసుక ఎటు పోతున్నవో తెలుసుకొనుటకు బర్క్‌లీలో కృత్రిమ కాలువలు కట్టించి ప్రయోగాలు చేశాడు. ప్రవాహవేగం పెరిగిన కొద్దీ అడుగు ఇసుక మొదట తిన్నెలుగా, పిదప చదునుగా, ఇంకా పెరిగితే ప్రవాహానికి ఎదురుగా జరిగే తిన్నెలుగా మారుతుందని 1914 నాటి నివేదికలో వివరించాడు. ఈ చివరి రూపానికి యాంటీడ్యూన్ అని పేరు పెట్టినది ఈయనే.

లండన్ భూవిజ్ఞాన సంఘం 1900లో వోలాస్టన్ పతకం ఇచ్చి సత్కరించింది. అమెరికా భూవిజ్ఞాన సంఘానికి 1892లో ఒకసారి, 1909లో మరొకసారి అధ్యక్షుడయ్యాడు. కుటుంబ జీవితంలో మాత్రం దుఃఖం చూశాడు. కుమార్తె బాల్యంలోనే డిఫ్తీరియాతో మరణించింది, భార్య చాలాకాలం అస్వస్థురాలిగా ఉండిపోయింది.

75వ పుట్టినరోజుకు ఐదు రోజుల ముందు, మే 1, 1918న మిషిగన్‌లోని జాక్సన్‌లో గిల్బర్ట్ మరణించాడు. అప్పటికి పూర్తికాని బేసిన్ రేంజ్ పర్వతాల గ్రంథం 1928లో అచ్చయింది.