కలియుగ భీముని కడపటి దినములు

ఆంధ్రదేశమున బలమునకు మారుపేరుగా నిలిచిన శ్రీ కోడి రామమూర్తి నాయుడుగారు 19వ శతాబ్ది చివరిభాగమున ఉత్తరాంధ్రమందలి వీరఘట్టమున జన్మించిరి. బాల్యముననే తల్లిని కోల్పోయి, విజయనగరమున పినతండ్రి యింట పెరిగిరి. చదువుకంటె సాముగరిడీలయందు మక్కువ హెచ్చు. మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమున వ్యాయామోపాధ్యాయులైరి. చిన్న కొలువే యైనను నెల తిరుగగనే జీతము చేతికి వచ్చెడిది.

పిమ్మట తునికి చెందిన పొట్టిపంతులుగారి తోడ్పాటుతో సర్కసు స్థాపించిరి. శరీరమునకు చుట్టిన ఇనుపగొలుసులను ఊపిరి బిగించి తెంచుట, కదలు మోటారుకార్లను త్రాళ్ళతో నిలుపుట, రొమ్ముపై ఏనుగును ఎక్కించుకొనుట చూచి జనులు విభ్రాంతులైరి. లండనులో ఐదవ జార్జి చక్రవర్తి యెదుట ప్రదర్శనము లిచ్చి, ఇండియన్ హెర్క్యులస్ అను బిరుదు నందిరి. తెలుగువారికి ఆయన కలియుగ భీముడు.

అట్టివారికి ధనము రాకపోలేదు, వచ్చినది నిలువలేదు. సర్కసునకు జంతువుల మేత, పనివారి జీతములు, గుడారములు, ప్రయాణములు. ఆట యున్ననాడును లేనినాడును ఖర్చు తప్పదు. దానధర్మములకును జాతీయకార్యములకును నాయుడుగారు ధారాళముగా నిచ్చిరని ప్రతీతి. ఇంతటి ఖర్చునకు ఆధారము ఆయన దేహమొక్కటే. కాలికి పుండు లేచి, ఆ కాలు తీసివేయవలసివచ్చినపుడు ఆ ఆధారము కూలినది. తుదకు ఒరిస్సాలోని పట్నా సంస్థానాధీశుని ఆశ్రయమున, బలంగీరులో 1942 జనవరిలో కన్నుమూసిరి. నేడు విశాఖ సముద్రతీరమున ఆయన విగ్రహము నిలిచియున్నది.

దీనిని విధి యని విడిచిపెట్టరాదు. వకీలునకు వయసుతో పేరును రాబడియు పెరుగును. రైతు వృద్ధుడైనను భూమి మిగులును. క్రీడాకారునకో, నలువది యేండ్లు నిండకమున్నే ఆదాయము ముగియును. అలవాటుపడిన ఖర్చును, నమ్ముకొన్న పరివారమును మిగులును. వేరు విద్య నేర్చుటకు ఆ పడుచుదనమున తీరిక దొరకదు. పరదేశములందును ఇంతే. 1937 నుండి 1949 వరకు ప్రపంచ ముష్టియుద్ధవీరుడై వెలిగిన అమెరికావాసి జో లూయీ ఆదాయపుపన్ను బాకీలలో మునిగి, ముదిమియందు లాస్ వేగస్ జూదశాలలో అతిథులను పలుకరించు కొలువు చేసెను.

ఇట్టివారిని ఆదుకొనుటకై మన కేంద్ర ప్రభుత్వము 1982లో క్రీడాకారుల సంక్షేమనిధిని, 1994లో ప్రతిభావంతులకు పింఛను పథకమును నెలకొల్పినది. అవి మేలైనవే. కాని పింఛను పతకములు గెలిచిన కొందరికే అందును. జిల్లాస్థాయిలో ఆడి ఆగిపోయినవారికి అది లేదు.

కావున ఈ రజతోత్సవ సంచికను చదువు మన పల్లె యువకులకు ఒక మనవి. ఆటలు ఆడుడు, కండలు పెంచుడు. అయితే గెలిచిన సొమ్ములో కొంత, చేతికి వచ్చిననాడే, పొలముగనో పోస్టాఫీసు పొదుపుగనో మార్చుకొనుడు. ఆటతోపాటు ఒక చదువునో, చేతిపనినో విడువక నేర్చుడు. పిల్లవాడు పందెమున గెలిచినపుడు పూలదండ వేయు పెద్దలు, వాని చదువు సాగుచున్నదా యని కూడ విచారింపవలెను. మరణానంతరము నిలుపు విగ్రహముకంటె అదియే ఆ వీరునకు తగిన గౌరవము.