ఆంపియరు పండితుని చరిత్ర

మన ఇండ్లలోని స్విచ్చి బోర్డులపై 6 అనియు 16 అనియు అంకెలును, వాని ప్రక్క నొక ఇంగ్లీషు అక్షరమును ఉండుట విద్యార్థులు చూచియే యుందురు. ఆ అక్షరము ఒక మనుష్యుని పేరునకు గురుతు. విద్యుత్ప్రవాహమును కొలుచు ప్రమాణమునకు ఆంపియరు అని పేరు. విజ్ఞానశాస్త్రపు తరగతిలో ఈ మాట పదేపదే వినబడుచుండును గాని, ఆ పేరుగలవాడొకడు పుట్టి, చదివి, ఏడ్చి, బిడ్డలను పెంచి వెళ్లిపోయెనని తలచువారు తక్కువ. మాకును చాలకాలము ఆ తలంపు లేకుండెను.

ఆంద్రే మరీ ఆంపియరు 1775 జనవరి 20వ తేదీన ఫ్రాన్సు దేశములోని లియోన్ నగరమున జన్మించెను. తండ్రి జాన్ జాక్ ఆంపియరు సంపన్నుడగు వర్తకుడు. నగరమునకు సమీపమున పోలేమ్యూ అను చిన్న గ్రామములో వారికొక ఇల్లుండెను. బాలుడు పెరిగినది అచ్చటనే. ఆ యింటిలో నేడు విద్యుత్తునకు సంబంధించిన ప్రదర్శనశాల యున్నది. తండ్రి కుమారుని ఏ పాఠశాలకును పంపలేదు. బిడ్డ మనస్సు తనంత తానే వికసింపవలెనను రూసో అభిప్రాయము ఆయనకు నచ్చినది. కావున తన పుస్తకముల గది తలుపులు తెరచి బాలుని అందులో విడిచెను. బాలుడు కంటికి కనబడిన దెల్ల చదివెను. ఆ కాలమున ఫ్రాన్సులో వెలువడిన మహా విజ్ఞానసర్వస్వమును సంపుటము తరువాత సంపుటముగా చదివివేసెను.

ఇచ్చట మన విద్యార్థులు గమనింపదగిన సంగతి యొకటి యున్నది. తండ్రి మొదట లాటిను భాష నేర్పబోగా బాలునికి రుచింపలేదు. తండ్రియు బలవంతము చేయక మానుకొనెను. కొంతకాలమునకు గణితముపై మోజు కలిగి, ఆయిలరు, బెర్నూలీ అను గణితవేత్తల గ్రంథములు కావలెనని బాలుడు కోరెను. అవి లాటినులో నున్నవని తెలిసినది. అంతట తానే కూర్చుండి, కొద్ది వారములలోనే ఆ గ్రంథములు చదువుటకు తగినంత లాటిను నేర్చుకొనెనని చెప్పుదురు. ఇంట నొక భాష, వీథిలో నొక భాష, పై చదువున కింకొక భాషగా పెరుగుచున్న మన పిల్లలకు ఇందులో వింత తోపకపోవచ్చును. మాకు మాత్రము ఆయన చరిత్రలో మిక్కిలి ప్రియమైన ఘట్టము ఇదియే.

1792లో ఆయన అక్క మరణించినది. మరుసటి యేడు అంతకు మించిన పిడుగు పడినది. అది ఫ్రెంచి విప్లవ కాలము. తండ్రి లియోన్‌లో న్యాయాధికారి పదవి నంగీకరించి యుండెను. ఆ నగరము పారిసులోని విప్లవ ప్రభుత్వమునకు ఎదురు తిరిగెను. సేనలు వచ్చి ముట్టడించి 1793 అక్టోబరులో దానిని లోబరచుకొనెను. నవంబరులో జాన్ జాక్ ఆంపియరును గిలటిన్ యంత్రము క్రింద శిరచ్ఛేదము గావించిరి. చెరలోనుండి భార్యకు వ్రాసిన చివరి లేఖలో ఆయన, కుమారునిపై తన కెంత గొప్ప ఆశ కలదో తెలిపెను.

ఆ కుమారుని వయస్సు అప్పటికి పదునెనిమిదేండ్లు. చదివినదెల్ల తండ్రి నీడన చదివినదే. ఇంచుమించు ఒక సంవత్సరము ఆయన ఎవరితోడను సరిగా మాటలాడలేదు, పుస్తకము ముట్టలేదు. తుదకు ఆయనను మరల లోకములోనికి తెచ్చినవి గణితము గాదు. వృక్షశాస్త్రమును గూర్చి రూసో వ్రాసిన లేఖలును, లాటిను కవుల పద్యములును. పొలముల వెంట తిరిగి మొక్కలను, పూవులను పరీక్షించుచు ఆయన మెల్లగా తేరుకొనెను.

1799లో జూలీ కారోన్ అను యువతిని వివాహమాడెను. 1800లో కుమారుడు కలిగెను. తన తండ్రి పేరే జాన్ జాక్ అని బిడ్డకు పెట్టుకొనిరి. జీవనోపాధికై 1802లో బూర్ పట్టణమున ఉపాధ్యాయుడుగా చేరెను. జూలీ అనారోగ్యముచే లియోన్‌లోనే ఉండిపోయినది. జూదమును గూర్చిన గణిత సిద్ధాంత గ్రంథము ఆ యేడే వెలువడినది. అంతులేని ధనముగల ప్రత్యర్థులతో విడువక ఆడుచుండువాడు, ఆట ఎంత న్యాయమైన దైనను, ఎప్పుడో యొకప్పుడు సర్వము కోల్పోవునని అందులో లెక్కవేసి చూపెను. ఆ గ్రంథము వలన ఆయనకు పెద్ద పట్టణములలో ఉద్యోగమునకు దారి యేర్పడెను గాని, 1803 జూలైలో జూలీ కన్నుమూసినది. మూడేండ్ల బిడ్డ మిగిలెను.

తరువాతి పదునేడేండ్లను త్వరగా చెప్పి దాటెదము. పారిసు చేరి పాలిటెక్నిక్ విద్యాలయమున గణితము బోధించెను. మరల వివాహమాడెను గాని అది పొసగలేదు. ఆల్బీన్ అను కుమార్తెను తానే పెంచుకొనెను. 1808లో విద్యాశాఖ ప్రధాన పరీక్షాధికారులలో నొకడయ్యెను. ఇన్‌స్పెక్టరుగారు వచ్చుచున్నారనగా మా వంటి ఉపాధ్యాయులకు కలుగు కంగారు అందరెరిగినదే. అయితే ఈ ఇన్‌స్పెక్టరుగారు పరధ్యానమునకు పేరుపడినవాడు. వీథిలో నిలిచియున్న బండి వెనుక పలకను నల్లబల్ల యనుకొని దానిపై లెక్క చేయుచుండగా, బండి కదలిపోయెననియు, ఈయన లెక్క పూర్తిచేయుటకు దాని వెంట పరుగెత్తెననియు ఒక కథ కలదు. నిజమో కట్టుకథయో గాని, ఆయనను గూర్చి అట్టి కథ పుట్టుటయే ఆయన స్వభావమును చెప్పుచున్నది.

1820 వచ్చినది. ఆయనకు నలువది యైదేండ్లు. డెన్మార్కు రాజధానిలో ఆయిర్‌స్టెడ్ అను ఆచార్యుడు, విద్యుత్తు ప్రవహించుచున్న తీగ దగ్గర నుంచిన దిక్సూచి సూది ప్రక్కకు తిరుగుట కనిపెట్టి, జూలై 21న నాలుగు పుటల పత్రముగా ప్రకటించెను. ఆ పత్రము కూడ లాటిను భాషలోనిదే. విద్యుత్తు వేరు, అయస్కాంతము వేరు అని నమ్మిన ఫ్రెంచి పండితులకు అది మింగుడు పడలేదు. ఆరగో అను శాస్త్రవేత్త సెప్టెంబరు 4న ఆ వార్తను పారిసు విజ్ఞాన పరిషత్తునకు తెలిపి, 11న అందరి యెదుట ప్రయోగము చేసి చూపెను. సరిగా వారము దినములకు, 18వ తేదీన, ఆంపియరు తన మొదటి ప్రసంగము చదివెను. 25న తన ముఖ్య ప్రయోగమును చూపెను.

ఏమిటా ప్రయోగము? అయస్కాంతపు సూదిని తీసివేసెను. రెండు తీగలను దగ్గరగా సమాంతరముగా అమర్చి, అందొకటి కదలుటకు వీలుగా వ్రేలాడగట్టి, రెంటిలోను విద్యుత్తును పంపెను. ప్రవాహములు ఒకే దిక్కునకు పోవునప్పుడు తీగలు ఒకదాని నొకటి ఆకర్షించుకొనెను. ఒకదానిలో దిక్కు మార్చగానే తొలగిపోయెను. అయస్కాంత మెచ్చటను లేదు. ఉన్నవి రాగి తీగలు మాత్రమే!

ఇందులో క్రొత్త యేమున్నదని కొంద రాక్షేపించిరి. రెండు తీగలును సూదిని కదలింపగలవు గనుక, అవి యొకదాని నొకటి కదలించుట సహజమే గదా యని వారి వాదము. అప్పుడు ఆరగో తన జేబునుండి రెండు తాళపు చెవులు తీసి చూపెనట. ఈ రెంటిలో ప్రతిదియు అయస్కాంతము నాకర్షించును; అయినను ఈ రెండును ఒకదాని నొకటి ఆకర్షించుకొనవు. మన విద్యార్థులు ఇంట నున్న ఇనుప తాళపు చెవులతో దీనిని పరీక్షించి చూడవచ్చును. ఇది మామూలు స్థిరవిద్యుత్తు పనియే యని మరికొందరనిరి. ఒకే జాతి విద్యుదావేశములు వికర్షించుకొనును. ఒకే దిక్కు ప్రవాహములు ఆకర్షించుకొనుచున్నవి. కనుక ఇది వేరొక బలమని ఆంపియరు వారికి సమాధానము చెప్పెను.

సూది ఏ వైపునకు తిరుగునో గుర్తుంచుకొనుటకు ఆయన చక్కని ఉపాయము చెప్పెను. ఒక మనుష్యుడు తీగ వెంట ఈదుచున్నట్లును, ప్రవాహము ఆతని పాదములలో ప్రవేశించి శిరస్సునుండి వెడలుచున్నట్లును, ఆతని ముఖము సూదివైపున కున్నట్లును భావింపుడు. సూది ఉత్తర ధ్రువము ఆతని యెడమచేతి వైపునకు తిరుగును. భూమి అయస్కాంతశక్తి అడ్డుపడకుండ చేసినచో సూది తీగకు సరిగా అడ్డముగా నిలుచుననియు ఆయనయే చూపెను.

బలము మిక్కిలి స్వల్పము. దానిని నేరుగా తూచుట కష్టము. కావున ఆంపియరు త్రాసు సమముగా నిలుచుట వంటి ప్రయోగములను కల్పించెను: రెండు బలముల నెదురెదురుగా పెట్టి, ఏమియు కదలకుండుటనే సాక్ష్యముగా గైకొనెను. తిన్నని తీగ వెంట వంకరటింకర తీగను త్రిప్పి వెనుకకు తెచ్చినచో, రెంటి ఫలితములు సరిపోయి ప్రక్కనున్న తీగ చలింపదు. ఇట్టి నిశ్చల ప్రయోగములనుండి, రెండు ప్రవాహ ఖండముల నడుమ బలమునకు గణిత సూత్రమును సాధించెను. పొడవైన సమాంతరపు తీగల విషయమున దాని ఫలితమిది: ప్రవాహముల గుణకారముతో బలము పెరుగును, ఎడము రెట్టింపైనచో సగమగును. చుట్టలుగా చుట్టిన తీగకు సోలినాయిడు అని పేరు పెట్టి, అది అయస్కాంతపు కడ్డీవలె ప్రవర్తించునని చూపెను. అయస్కాంతపు ప్రతి అణువులోను చిన్న ప్రవాహము తిరుగుచున్నదని మిత్రుడు ఫ్రెనెల్ సూచనపై ఊహించెను. ఎలక్ట్రానుల సంగతి ఎవ్వరికిని తెలియని కాలమున చేసిన ఊహ యిది! ఒక తీగ తన చుట్టును అయస్కాంత క్షేత్రము నేర్పరచును, రెండవ తీగ ఆ క్షేత్రమున బలమునకు లోనగును అని మనము నేడు చెప్పుకొను భాష మాత్రము ఆయనది గాదు. అది ఫారడే ఆలోచనలనుండి వచ్చినది.

ఆ ఫారడే పేరు తలచినప్పుడు ఒక లోపమును దాచరాదు. 1822లో జెనీవాలో ఆంపియరు తీగచుట్ట లోపల రాగి వలయమును వ్రేలాడదీసి, దగ్గర బలమైన అయస్కాంతము నుంచి, చుట్టలో విద్యుత్తును పంపగా, వలయము కదలుట కన్నులార చూచెను. ఒక ప్రవాహము వలన వేరొక లోహములో ప్రవాహము పుట్టినదన్నమాట. తన సిద్ధాంతమునకు అది ముఖ్యము గాదని ఆయన ప్రక్కన పెట్టెను. తొమ్మిదేండ్ల తరువాత, 1831లో, ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను స్థాపించి ఆ కీర్తిని పొందెను. కనులు చూచిన దానిని మనస్సు చూడకపోవుట ఇంతటివానికిని తప్పలేదు.

నడుమ కొన్ని యేండ్లు తప్ప ఆయన పరీక్షాధికారి యుద్యోగము కడవరకు సాగినది. శాస్త్రములో అంత పేరు వచ్చినను, ఊరూరు తిరిగి పాఠశాలలను చూచుట తప్పలేదు. అట్టి పర్యటనలోనే, 1836 జూన్ 10న, మార్సెయి నగరమున ఆయన మరణించెను. 1881లో పారిసున సమావేశమైన విద్యుచ్ఛాస్త్రజ్ఞులు ప్రవాహ ప్రమాణమునకు ఆయన పేరు పెట్టిరి. 1948లో దానిని ఆయన తీగలతోడనే నిర్వచించిరి: శూన్యములో ఒక మీటరు ఎడముగా నున్న రెండు పొడవైన తీగల నడుమ, మీటరు పొడవునకు ఒక న్యూటనులో కోటి భాగములకు రెండు భాగముల బలము కలిగించు ప్రవాహము ఒక ఆంపియరు. అనగా ఒక మిల్లీగ్రాములో ఏబదవ వంతు బరువు! 2019 నుండి ఎలక్ట్రాను ఆవేశమును ఆధారము చేసికొని నిర్వచించుచున్నారు. పేరు మాత్రము మారలేదు.

ఆయన అవశేషములను 1869లో మార్సెయి నుండి పారిసులోని మోంమార్త్ర్ శ్మశానమునకు తెచ్చిరి. తల్లి లేని బిడ్డగా పెరిగిన జాన్ జాక్, సాహిత్య చరిత్రకారుడై, పేరుపొంది, 1864లో మరణించి యుండెను. తాత పేరుగల ఆ కుమారుడును తండ్రియు నేడు ఒక్క సమాధిలో నున్నారు.