సైడ్ ప్రాజెక్టే వీధి ఫొటోను మార్చేసింది!

బస్సు కోసం ఎదురుచూస్తూ మీరు జేబులోంచి ఫోన్ తీస్తారు. ఎదురుగా టీ బండి దగ్గర గుమిగూడిన జనాన్ని ఒక్క క్లిక్‌తో పట్టేస్తారు. ఎవరూ మీవైపు తల తిప్పి కూడా చూడరు. నూట ఇరవై ఏళ్ల కిందట నాణ్యమైన ఫొటో కావాలంటే పెద్ద కెమెరా, మూడు కాళ్ల స్టాండు, గాజు పలకలు మోసుకెళ్లాల్సిందే. అన్నీ సర్దుకునేలోపు వీధి వీధంతా మిమ్మల్నే చూసేది. ఇక సహజమైన ఫొటో ఎక్కడిది?

ఆ పరిస్థితిని మార్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు ఓస్కార్ బర్నాక్. ఆయన స్టార్టప్ పెట్టలేదు, చేతిలో ఇంజినీరింగ్ డిగ్రీ కూడా లేదు. ఉద్యోగం చేసుకుంటూనే లైకా కెమెరా తయారుచేశాడు.

ఆయాసం నుంచి ఆలోచన

బర్నాక్ 1879లో జర్మనీలోని బ్రాండెన్‌బర్గ్ ప్రాంతంలో, లీనో అనే పల్లెలో పుట్టాడు. బొమ్మలు వేయడమంటే ఇష్టం. కానీ కూడు పెట్టే పని కావాలి కదా! బెర్లిన్ దగ్గర ఓ వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరి, సూక్ష్మ పరికరాలు చేసే మెకానిక్ పని నేర్చుకున్నాడు. 1902లో యేనా నగరంలోని కార్ల్ జైస్ కంపెనీలో చేరాడు.

సెలవు దొరికితే కెమెరా భుజాన వేసుకుని తురింజియా అడవుల్లోకి నడక. ఆ కెమెరాలో వాడే ఒక్కో గాజు పలక సైజు 13×18 సెంటీమీటర్లు. బరువు సరే, బర్నాక్‌కు ఆస్తమా. గుట్ట ఎక్కుతుంటే ఊపిరి అందేది కాదు. ఇంకొకరైతే హాబీ మానేసేవారు. ఆయన మాత్రం నెగటివ్ చిన్నగా ఉండి, ప్రింటు పెద్దగా ఎందుకు రాకూడదని ఆలోచించాడు. ఒకే పలక మీద చాలా చిన్న ఫొటోలు తీసి చూశాడు. పెద్దవి చేస్తే బరకగా వచ్చాయి. తొలి ప్రయత్నం ఫెయిల్!

సినిమా రీలు అడ్డం తిరిగింది

1911లో, స్నేహితుడు ఎమిల్ మెఖావ్ సిఫారసుతో, వెట్స్‌లార్ పట్టణంలోని లైట్జ్ కంపెనీకి మారాడు. అది మైక్రోస్కోపులు చేసే సంస్థ. రెఫరల్‌తో ఉద్యోగం అప్పట్లోనూ ఉందన్నమాట. అక్కడ సినిమా కెమెరాల మీద పనిచేస్తుండగా 35 మి.మీ. రీలు చేతికి చిక్కింది. సినిమా ఫ్రేము 18×24 మి.మీ. ఉండేది. బర్నాక్ రీలును అడ్డంగా నడిపి, రెండు ఫ్రేముల చోటును ఒక్క ఫొటోకు వాడుకున్నాడు. అలా వచ్చిందే 24×36 మి.మీ. సైజు. ఇప్పుడు ఖరీదైన డిజిటల్ కెమెరాల ప్రకటనల్లో మీరు చూసే ‘ఫుల్ ఫ్రేమ్’ ఇదే!

1914 నాటికి తొలి నమూనా రెడీ. అది కోటు జేబులో పట్టేంత చిన్నది. దాంతో వెట్స్‌లార్ పాత బజారును, అక్కడి చెక్క ఫ్రేముల ఇళ్లను తీశాడు. అదే ఏడాది కంపెనీ యజమాని కొడుకు ఎర్న్‌స్ట్ లైట్జ్ ఇలాంటి కెమెరాతోనే న్యూయార్క్ వీధుల్ని ఫొటోలు తీశాడు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో ప్రాజెక్టు మూలనపడింది. బర్నాక్ మాత్రం తీయడం ఆపలేదు. 1920లో లాన్ నదికి వరదొచ్చి ఊళ్లోకి నీళ్లు చేరితే, ఆ వీధుల్ని వరుసగా ఫొటోలు తీశాడు. చేతిలో ఇమిడే కెమెరాతో వార్తను చూపించవచ్చని అవి నిరూపించాయి.

వెర్షన్ జీరో నుంచి మార్కెట్‌కు

1923లో పరీక్ష కోసం పాతికలోపు కెమెరాలు చేశారు. మన భాషలో బీటా టెస్టింగ్. ఫీడ్‌బ్యాక్ ఏమంత గొప్పగా లేదు. రీలు తిప్పేటప్పుడు లెన్సుకు మూత పెట్టాలి, లేదంటే ఫిల్ముకు వెలుతురు తగిలి పాడయ్యేది. బర్నాక్ షట్టర్‌ను మెరుగుపరిచి ఆ బాధ తప్పించాడు. చిన్న నెగటివ్‌ను పెద్దది చేసినా చెదరని లెన్సును మాక్స్ బెరెక్ డిజైన్ చేశాడు.

అప్పటికి జర్మనీ భయంకరమైన ద్రవ్యోల్బణం నుంచి ఇంకా తేరుకోలేదు. కొత్త సరుకు వద్దని కంపెనీలో చాలామంది అభిప్రాయం. 1924లో ఎర్న్‌స్ట్ లైట్జ్ రిస్కు తీసుకుని సరేనన్నాడు. 1925లో లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో లైకా విడుదలైంది. లైట్జ్‌లో మొదటి అక్షరాలు, కెమెరాలో మొదటి అక్షరాలు కలిపితే ఆ పేరు. 1930లో లెన్సులు మార్చుకునే వీలు, 1932లో సులువుగా ఫోకస్ చేసే ఏర్పాటు వచ్చాయి. ఆ రోజుల్లోనే ఫ్రెంచి యువకుడు ఆన్రీ కార్టియే బ్రెసోన్ లైకా పట్టుకుని వీధుల్లో తిరిగాడు. తర్వాతి తరాల వీధి ఫొటోగ్రాఫర్లకు ఆయన గురువయ్యాడు.

బర్నాక్ చివరిదాకా ఆ కంపెనీ ఉద్యోగే. 1936లో, 56 ఏళ్లకే కన్నుమూశాడు. ఆయన సొంతంగా వాడుకున్న 105వ నంబరు కెమెరా 2022లో వేలంలో 1.44 కోట్ల యూరోలు పలికింది. ఆ డబ్బులో ఆయన చూసింది పైసా లేదు.

మరి మనకేంటి?

నిజం చెప్పాలంటే, నా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు నలుగురం చందాలేసుకుని కొన్నది. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకు బట్టీపట్టిన జవాబు అప్పజెప్పాను. ఇది ఎవరి సమస్య, నీకెందుకు పట్టింది అని రెండోది అడిగేసరికి నోరు పెగల్లేదు. ఆ ఉద్యోగం రాలేదు. బర్నాక్‌ను అదే ప్రశ్న అడిగితే తన ఆయాసం గురించి చెప్పేవాడు.

కష్టపడితే చాలు, గెలుపు ఖాయమని ఈ కథ చెప్పదు. నమూనాకూ మార్కెట్‌కూ మధ్య 11 ఏళ్లు గడిచాయి. ఓ స్నేహితుడి సిఫారసు, ఓ లెన్సు నిపుణుడు, సరేననే ఓ యజమాని లేకపోతే ఆ కెమెరా బల్ల సొరుగులోనే ఉండిపోయేది. అవి మన చేతిలో ఉండవు. మనల్ని రోజూ ఇబ్బందిపెట్టే ఓ చిన్న సమస్యను ఎంచుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. ఈ వారం అలాంటిది ఒకటి కాగితం మీద రాయండి. దానికో పనికిమాలిన వెర్షన్ జీరో చేయండి. ఎక్కడ ఫెయిలైందో కూడా రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో ఆ రెండో ప్రశ్న వచ్చినప్పుడు మీకు పనికొచ్చేది ఆ కాగితమే.